ఎర్గోనామిక్స్ సొసైటీ రివ్యూ: బిరుదు మనిషికి ఇచ్చారు, పేరు కుర్చీకి అంటుకుంది

ఆన్‌లైన్‌లో ఆరు వేలకు దొరికే మెష్ కుర్చీ పేరు ముందు "ఎర్గోనామిక్" అని ఉంటుంది. పనిచేసే మనిషికి తగ్గట్టు చేసిందని దాని అర్థం. అరవై వేల కుర్చీ ముందూ అదే మాట. మౌస్‌కీ, దిండుకీ, చివరికి కూరగాయల కత్తికీ అదే. మాట ఇంత చవకైపోయింది కాబట్టి దాన్ని వాడుకలోకి తెచ్చిన సంస్థ అసలేం తయారు చేసిందో చూడటం అవసరం. ఆ సంస్థ బ్రిటన్‌లో 1949లో పుట్టింది. ఇప్పటికీ నడుస్తోంది. ప్రస్తుతం దాని పేరు చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎర్గోనామిక్స్ అండ్ హ్యూమన్ ఫ్యాక్టర్స్. సభ్యత్వం, వృత్తి బిరుదు, డిగ్రీ కోర్సులకు గుర్తింపు, మార్గదర్శకాలు దాని సేవలు. పత్రికలూ, వాటిలో వెలువడిన కొలత పద్ధతులూ దాని చుట్టూ పండిన పంట. వీటిలో మన పనికి వచ్చేదేమిటి, రానిదేమిటి అన్నదే ఈ రివ్యూ.

పుట్టుక దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే సంస్థ బలమంతా అక్కడే ఉంది. 1949 జూలై 12న లండన్‌లో, నౌకాదళ కార్యాలయమైన అడ్మిరాల్టీలో, హైవెల్ మరెల్ అనే ఆయన ఒక సమావేశం పెట్టారు. నౌకాదళంలో పనివాళ్ల కదలికలను పరిశీలించే విభాగం ఆయనది. శరీర నిర్మాణం తెలిసినవాళ్లు, శరీర ధర్మం తెలిసినవాళ్లు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు ఒక్కచోట కూర్చున్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వీళ్లంతా ఒకే సమస్య మీద పనిచేశారు గానీ ఎవరి గదిలో వాళ్లు చేశారు.

ఆ సమస్య ఎలాంటిదో ఒక ఉదాహరణ చాలు. రాడార్ తెర ముందు గంటల తరబడి కూర్చున్న మనిషి జలాంతర్గామి చుక్కను ఎందుకు చూడలేకపోతున్నాడు? నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీనికోసం ఒక గడియారం తయారు చేశారు. ముల్లు సెకనుకొక అడుగు వేస్తుంది. ఎప్పుడో ఒకసారి ఒకేసారి రెండడుగులు దూకుతుంది. దూకినప్పుడల్లా మీట నొక్కాలి. రెండు గంటల పరీక్ష. మొదటి అరగంట దాటేసరికే వదిలేసిన దూకుళ్లు పెరిగాయి. అంటే లోపం మనిషి బద్ధకంలో లేదు, కాపలా వంతు వేసిన తీరులో ఉంది. వంతు కుదిస్తే తప్పులు తగ్గుతాయి. అదే కాలంలో అమెరికాలో బీ-17 బాంబర్ విమానాలది మరో కథ. చక్రాల మీట, రెక్కల వెనక కదిలే పలకల (ఫ్లాప్‌ల) మీట పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉండేవి. నేలకు దిగాక పైలట్లు ఫ్లాప్‌లు ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. అల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక మీటకు చక్రం ఆకారం, ఇంకోదానికి పలక ఆకారం తగిలించి, చేతి స్పర్శతోనే తేడా తెలిసేలా చేశారు. పైలట్‌కు మళ్లీ శిక్షణ ఇవ్వడం కన్నా మీట మార్చడం చవక.

సంస్థకు పేరు వెతికేటప్పుడు మరెల్ గ్రీకు నుంచి రెండు ముక్కలు తీశారు: ఎర్గోన్ అంటే పని, నోమోస్ అంటే నియమం. 1950 ఫిబ్రవరిలో ఆ మాట ఖరారై, ఎర్గోనామిక్స్ రీసెర్చ్ సొసైటీ అయింది. కొత్త మాట కావడంలో ఒక సుఖం ఉంది. అది డాక్టర్లదీ కాదు, ఇంజనీర్లదీ కాదు, కాబట్టి ఎవరూ ఇది మా సొత్తు అనలేరు. తమాషా ఏమిటంటే మాట నిజానికి కొత్తది కాదు. పోలండ్‌లో వోయిచెక్ యాస్త్రెంబోవ్‌స్కీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1857లోనే ఒక వారపత్రికలో దీన్ని వాడారు. మరెల్‌కు ఆ సంగతి తెలియదు.

తర్వాతి ఎదుగుదలను వేగంగా చెప్పుకోవచ్చు. అలసట మీదా, పరికరాల రూపకల్పనలో మనిషి మీదా జరిపిన చర్చాసభల వ్యాసాలు 1953, 1954లో అచ్చయ్యాయి. 1957లో ఎర్గోనామిక్స్ పత్రిక మొదలైంది, తొలి సంపాదకుడు ఆలన్ వెల్ఫోర్డ్. అదే ఏడాది అమెరికాలో, ఓక్లహామా రాష్ట్రం టల్సాలో, హ్యూమన్ ఫ్యాక్టర్స్ సొసైటీ వేరుగా పుట్టింది. దేశాల సంఘాలన్నీ కలిసే అంతర్జాతీయ సంఘం తొలి మహాసభ 1961లో స్టాక్‌హోమ్‌లో జరిగింది. పేర్ల గొడవ మాత్రం చాలాకాలం సాగింది. ఇంగ్లండ్‌లో ఎర్గోనామిక్స్, అమెరికాలో హ్యూమన్ ఫ్యాక్టర్స్, పని దాదాపు ఒకటే. అమెరికావాళ్లు 1992లో తమ పేరులో ఎర్గోనామిక్స్ చేర్చుకున్నారు. బ్రిటన్‌వాళ్లు 2009లో హ్యూమన్ ఫ్యాక్టర్స్ చేర్చుకున్నారు. 2014లో రాజశాసనం వచ్చి చార్టర్డ్ అయ్యారు. ఉద్యోగ ప్రకటనలు వెతికేవాళ్లు రెండు పేర్లతోనూ వెతకాలి, ఒక్క పేరుతో వెతికితే సగం కనబడవు.

ఇక సేవల సంగతి. మొదటిది బిరుదు. చార్టర్డ్ ఎర్గోనామిస్ట్ అని పెట్టుకోవాలంటే చదువు, అనుభవం రుజువు చేసుకోవాలి, తర్వాత కూడా నేర్చుకుంటూనే ఉన్నామని చూపాలి. ఆ పేరు ఎవరుపడితే వాళ్లు పెట్టుకోవడానికి వీల్లేదు. ఈ భాగం పకడ్బందీగా ఉంది. కానీ కట్టుదిట్టమంతా మనిషి చుట్టూనే. "ఎర్గోనామిక్" అనే విశేషణానికి కంచె లేదు. ఫ్యాక్టరీలో ఎవరైనా అట్ట మీద అచ్చు వేసుకోవచ్చు. కుర్చీల అమ్మకందార్లు చూపించే బిఫ్మా ముద్ర కూడా చాలామంది అనుకునేది కాదు. అది అమెరికా ఫర్నిచర్ తయారీదార్ల సంఘం పేరు. వాళ్ల ఎక్స్5.1 పరీక్ష చూసేది కుర్చీ విరుగుతుందా, ఒరుగుతుందా, చక్రాలు, సీటును లేపే గ్యాస్ లిఫ్ట్ ఎన్ని మార్లు తట్టుకుంటాయి అన్నది. మీ నడుముకు సరిపోతుందా అన్నది ఆ పరీక్షలో ప్రశ్నే కాదు.

అసలు కుర్చీ ఈ శాస్త్రంలో మూడో వంతే. అంతర్జాతీయ సంఘం దీన్ని మూడు భాగాలుగా చూస్తుంది: శరీరం, బుద్ధి, పని వ్యవస్థ. కోవిడ్ మొదలైన 2020లో బ్రిటన్ సంస్థ వెంటిలేటర్ల రూపకల్పన మీద మార్గదర్శకం విడుదల చేసింది. హడావిడిగా కొత్త యంత్రాలు తయారవుతున్నాయి, ఐసీయూ అలవాటు లేని సిబ్బంది కూడా వాటిని వాడాల్సి వస్తుంది, అలాంటప్పుడు బొత్తాలు, అంకెలు, అలారాలు ఎలా ఉండాలన్నది అందులో విషయం. మాక్‌వర్త్ గడియారానికి ఇదే అసలైన వారసత్వం. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకూ సూచనలు వెలువరించారు. వీటికి మంచి మార్కులే వేయాలి.

అయితే మామూలు పాఠకుడికి, చిన్న ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్‌కు ఎక్కువ పనికొచ్చే సరుకు పత్రికల్లోంచి వచ్చింది. 1969లో మొదలైన అప్లైడ్ ఎర్గోనామిక్స్ పత్రికలో, 1993లో, నాటింగ్‌హామ్‌కు చెందిన మెకాటమ్నీ, కార్లెట్ అనే ఇద్దరు రూలా అనే పద్ధతిని ప్రకటించారు. ఖర్చు ఒక కాగితం, ఒక ఫోన్ కెమెరా. మెడ, భుజం, చేతుల మీద పడే భారాన్ని 1 నుంచి 7 దాకా ఒక అంకెగా చెబుతుంది. 1–2 వస్తే ఫర్వాలేదు. 3–4 అయితే ఇంకా పరిశీలించాలి. 5–6 అయితే త్వరలో మార్చాలి. 7 అయితే ఇప్పుడే మార్చాలి.

వాడే తీరు ఇది. పని జరుగుతుండగా ఎక్కువసేపు ఉండే భంగిమను గానీ, అన్నిటికన్నా కష్టమైన భంగిమను గానీ ఎంచుకోవాలి. కెమెరాను మోచేయి ఎత్తులో, మనిషికి సరిగ్గా పక్కన పెట్టి ఫోటో తీయాలి. కోణంగా తీస్తే డిగ్రీలన్నీ తప్పుతాయి. వెనకనుంచి మరో ఫోటో తప్పనిసరి, ఎందుకంటే భుజం పైకి లేచిందా, చెయ్యి పక్కకు జరిగిందా అన్నది పక్క ఫోటోలో కనబడదు. చాలామంది పోగొట్టుకునే పాయింటు అదే. కుడి, ఎడమ చేతులకు విడివిడిగా లెక్క కట్టాలి.

ఎ-గ్రూపు చేతులది. పైచెయ్యి ముందుకో వెనక్కో 20 డిగ్రీల లోపు ఉంటే 1, ముందుకు 20–45 అయితే 2, 45–90 అయితే 3, ఆపైన 4. భుజం పైకి లేస్తే ఒకటి కలపాలి, చెయ్యి పక్కకు విచ్చుకుంటే ఇంకొకటి. చేతికి ఆనిక ఉంటే ఒకటి తీసెయ్యాలి. మోచేయి 60–100 డిగ్రీల మధ్య ఉంటే 1, లేకపోతే 2. మణికట్టు తిన్నగా ఉంటే 1, 15 డిగ్రీల దాకా వంగితే 2, దాటితే 3, పక్కకు తిరిగితే ఒకటి అదనం. మణికట్టు మెలికకు 1 లేదా 2. బి-గ్రూపు మెడ, నడుము, కాళ్లది. మెడ 10 డిగ్రీల దాకా వంగితే 1, 20 దాకా 2, ఆపైన 3, వెనక్కి వాలితే ఏకంగా 4. నడుము బాగా ఆని కూర్చుంటే 1, 20 డిగ్రీల దాకా వంగితే 2, 60 దాకా 3, ఆపైన 4. మెడ గానీ నడుము గానీ పక్కకు తిరిగినా, పక్కకు ఒరిగినా ఒక్కోటి అదనం. కాళ్లు నిలకడగా ఆనితే 1, లేకపోతే 2. రెండు గ్రూపుల అంకెలనూ రూలా ఫారంలో ఉండే పట్టికల్లో చూసి, కదలకుండా పట్టిన భంగిమకూ బరువుకూ కలపాల్సినవి కలిపి, మూడో పట్టికలో చివరి అంకె పట్టుకోవాలి.

ఒక లెక్క చేసి చూద్దాం. డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్. పైచెయ్యి 30 డిగ్రీలు ముందుకు, టేబుల్ ఎత్తు కాబట్టి భుజం లేచింది: 2+1=3. మోచేయి 80 డిగ్రీలు: 1. మణికట్టు 20 డిగ్రీలు: 3. మెలిక 1. మొదటి పట్టికలో 4 వస్తుంది. కదలకుండా కూర్చున్నందుకు ఒకటి, మొత్తం 5. మెడ 25 డిగ్రీలు వంగింది: 3. నడుము 15 డిగ్రీలు: 2. కాళ్లు 1. రెండో పట్టికలో 3, కదలనందుకు ఒకటి, మొత్తం 4. మూడో పట్టికలో 5, 4 కలిసే గడిలో ఉన్నది 5. త్వరలో మార్చాలి అని తీర్పు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ స్టాండ్, విడి కీబోర్డు, వీపు ఆనిన కుర్చీ పెట్టండి. పైచెయ్యి 15 డిగ్రీలు, భుజం దిగింది: 1. మోచేయి 1. మణికట్టు 5 డిగ్రీలు: 2. మెలిక 1. పట్టికలో 2. మెడ 1, నడుము 1, కాళ్లు 1: పట్టికలో 1. కదలకుండా కూర్చుంటే చెరొకటి కలిపి 3, 2 అవుతాయి. చివరి అంకె 3. కుర్చీ, స్టాండ్, కీబోర్డుకు డబ్బు పెట్టినా 2లోకి రాలేదు. ఆ కదలకపోవడం అనే పాయింటును తీసేస్తే మాత్రం 2కి దిగుతుంది. లేచి నాలుగడుగులు నడిచినందుకు దుకాణంలో బిల్లు వేయరు కాబట్టి కుర్చీ ప్రకటనల్లో ఈ సంగతి ఉండదు.

ఇందులోనే ఇంకో ఉచ్చు ఉంది. ప్రోగ్రెసివ్ లెన్స్ (దూరపు చూపు, దగ్గరి చూపు ఒకే అద్దంలో ఉండే) కళ్లజోడు వాడేవాళ్లు దగ్గరి వస్తువును అద్దం కింది భాగంలోంచి చూస్తారు. స్టాండ్ ఎత్తుగా పెడితే గడ్డం ఎత్తి, మెడ వెనక్కి వాల్చి చదువుతారు. మెడకు 4. బి-గ్రూపు పట్టికలో 5, కదలనందుకు ఒకటి కలిపితే 6. చివరి అంకె మళ్లీ 5. స్టాండ్ కొనక ముందు ఎక్కడున్నారో అక్కడికే వచ్చారు. వీళ్లకు తెర పై అంచు కంటి మట్టం కన్నా బాగా కిందకు దించి, తెరను కాస్త వెనక్కి వాల్చాలి, లేదా కంప్యూటర్ దూరానికి విడిగా కళ్లజోడు చేయించుకోవాలి.

రూలా కాగితాల్లో మరో లోపం ఉంది, ఇది పద్ధతిది కాదు, నకళ్లది. కదలకుండా పట్టిన భంగిమ అంటే ఎంతసేపు? అసలు వ్యాసంలో నిమిషానికి మించి అని ఉంది. తిరుగుతున్న కొన్ని ఫారాల్లో పది నిమిషాలు అని ఉంటుంది. ఒకే మనిషికి ఒక ఫారంలో 2, ఇంకో ఫారంలో 3 వస్తాయి. నిమిషానికి నాలుగుసార్ల కన్నా ఎక్కువగా చేసే పనికీ ఇదే పాయింటు కలపాలి. అది కొందరు మర్చిపోతారు. ముందు, తర్వాత పోల్చేటప్పుడు ఒకే ఫారం వాడకపోతే వచ్చిన మార్పు కుర్చీదో కాగితానిదో తెలియదు. బరువు పాయింట్లూ అంతే: రెండు కిలోల లోపు అప్పుడప్పుడు పడితే సున్నా, రెండు నుంచి పది కిలోలు అప్పుడప్పుడు అయితే 1, అదే బరువు పట్టుకునే ఉన్నా, పదేపదే ఎత్తినా 2, పది దాటిన బరువును అలా పట్టుకునే ఉన్నా, పదేపదే ఎత్తినా 3.

మన పనులకు ఇది ఎంతవరకు సరిపోతుంది? కాల్ సెంటర్, కుట్టు యూనిట్, బ్యాంకు కౌంటర్ లాంటి చోట్ల బాగానే సరిపోతుంది. వరినాట్ల దగ్గర చేతులెత్తేస్తుంది. 60 డిగ్రీలకు మించి వంగిన నడుము, తిరిగిన మెడ, నిమిషానికి ఎన్నోసార్లు కదిలే చెయ్యి, కుదురులేని బురదలో కాళ్లు. ఎలా కొలిచినా 7 వస్తుంది. పొద్దున ఏడింటికీ 7, మధ్యాహ్నం రెండింటికీ 7. పద్ధతి ఏడు దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఒక మార్పు మేలు చేసిందా లేదా అన్నది అది చెప్పలేదు. అలాంటిచోట మొత్తం శరీరాన్ని 15 దాకా అంచనా వేసే రీబా నయం. ఇది 2000లో హిగ్నెట్, మెకాటమ్నీ ప్రకటించినది. బస్తాలు ఎత్తే పనికి ఇది కూడా కాదు, అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ ఇచ్చిన సమీకరణం కావాలి. అది అనుకూలమైన భంగిమలో 23 కిలోల దగ్గర మొదలై, బరువు శరీరానికి ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తు లేపాలి, ఎన్నిసార్లు, ఎంత మెలిక అన్నదాన్ని బట్టి ఆ అంకెను తగ్గిస్తూ పోతుంది. మన హమాలీలు మోసే 50 కిలోల బస్తా ఆ లెక్కకు మొదటి అడుగులోనే బయటపడుతుంది.

నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే మహిళలను కొలవబోతే ఇంకో చిక్కు. నేల మీద బాసీపట్టు వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటారు. రూలాలో కాళ్లకు రెండే జవాబులు: ఆనికతో ఉన్నాయా, లేవా. బాసీపట్టు రెండిటికీ సరిగ్గా అతకదు. కుర్చీ అలవాటైన చోట రాసిన పద్ధతి ఇది. కాబట్టి అంకెతో పాటు కార్లెట్, బిషప్ 1976లో ఎర్గోనామిక్స్ పత్రికలో ఇచ్చిన ఒంటి బొమ్మ కూడా వాడాలి. మనిషి బొమ్మను భాగాలుగా గీసి, పనిమొదట్లో, మధ్యలో, చివర్లో ఎక్కడ ఎంత నొప్పి ఉందో వాళ్లచేతే చూపించమనడం దాని పద్ధతి. చదువురానివాళ్లూ వేలు పెట్టి చూపిస్తారు. డిగ్రీలు కొలవక్కర్లేదు. బీడీ, మగ్గం, అప్పడాల యూనిట్లకు రూలా కన్నా ఇదే మొదట వాడదగినది.

కుర్చీ కొనాల్సిందే అన్నవాళ్లకు సంస్థ నేర్పిన ఒక్క పని: ముందు మనిషిని కొలవండి. చెప్పులతో నిలబడి, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపు పెట్టండి. సీటు కనిష్ఠ ఎత్తు దానికన్నా ఎక్కువ ఉంటే ఆ కుర్చీ మీది కాదు. మార్కెట్లో చాలా కుర్చీలు 42–45 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి, పొట్టివాళ్లకు కాళ్లు వేలాడతాయి, తొడ కింద అంచు ఒత్తి తిమ్మిరి పడుతుంది. తర్వాత కూర్చుని, మోచేయి మడిచి, సీటు నుంచి మోచేయి దాకా కొలవండి. సీటు 42, మోచేయి 22 అనుకుంటే కీబోర్డు ఉండాల్సింది 64 దగ్గర. బల్ల మామూలుగా 75. మధ్యలో 11 సెంటీమీటర్లు భుజాలు మోస్తాయి. కుర్చీ పైకి లేపితే కాళ్లు వేలాడతాయి కాబట్టి లేపినంత ఎత్తు కాలిపీట పెట్టాలి. చెక్క పీటైనా పాత ఇటుకలైనా సరే. సీటు లోతు కూడా చూడాలి: వీపు ఆనించాక సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టకపోతే ఆ కుర్చీలో ఎవరూ వీపు ఆనించరు. నడుము ఆనిక ఎంత ఖరీదైనదైనా అప్పుడు అలంకారమే. భారతీయుల కొలతలు కావాలంటే అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ 1997లో వెలువరించిన సంకలనం ఉంది. విదేశీ పట్టికలు చూసి బల్ల ఎత్తు నిర్ణయించే డిజైనర్లకు అది అవసరం.

సభ్యత్వానికి డబ్బు కట్టాలా? బ్రిటన్‌లో, గల్ఫ్‌లో, ఆయిల్, రైల్వే, వైద్య పరికరాల రంగాల్లో హ్యూమన్ ఫ్యాక్టర్స్ ఉద్యోగం చూస్తున్నవాళ్లకు బిరుదు పనికొస్తుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఫ్యాక్టరీ సేఫ్టీ చూసుకునేవాళ్లకు ముందు ఇండియన్ సొసైటీ ఆఫ్ ఎర్గోనామిక్స్ సరిపోతుంది. కలకత్తా విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి పునాది వేసిన ఆర్.ఎన్.సేన్ లాంటివారి కృషితో 1980ల్లో రూపుదిద్దుకున్న సంఘం అది. హ్యూమనైజింగ్ వర్క్ అండ్ వర్క్ ఎన్విరాన్‌మెంట్ పేరుతో సదస్సులు జరుపుతుంది. పొలం పనిముట్లు, మగ్గాలు, తట్టలు మోసే పనుల మీద వ్యాసాలు బ్రిటన్ పత్రికల్లో కన్నా అక్కడ ఎక్కువ దొరుకుతాయి. బ్రిటన్ సంస్థ విషయంలో పెద్ద అసంతృప్తి పత్రికలది: పాత వ్యాసాల్లో చాలావాటికి ప్రచురణకర్తకు డబ్బు కడితేనే పూర్తి పాఠం వస్తుంది. విశ్వవిద్యాలయ లైబ్రరీ లాగిన్ ఉన్నవాళ్లను అడిగి 1993 రూలా వ్యాసాన్ని ఒకసారి అసలు రూపంలో చదవండి, తర్వాతే ఫారం ప్రింటు తీయండి.